గడ్డి మిషన్ బ్లేడు విప్పడం, పరీక్షించడం, మార్చడం: తోటల్లో, చెరువు గట్ల మీద బ్రష్ కట్టర్ వాడే వాళ్లకి

తొలకరి పడిన పది రోజులకి కొబ్బరి తోటల్లో గడ్డి మోకాలు దాటుతుంది. అప్పటినుంచి నన్ను అడిగే ప్రశ్నలు ఏటా ఇవే. "నట్టు రావట్లేదు, సుత్తితో కొట్టమంటారా?" "బ్లేడు చిన్న బీట ఇచ్చింది, వెల్డింగ్ పెట్టిస్తే సరిపోతుందా?" "కొత్త బ్లేడు వేశాక మిషను ఒకటే వణుకుతోంది, ఏమయ్యుంటుంది?" ఒక్కొక్కరికి ఫోన్లో చెప్పడం కంటే అంతా ఒక్కచోట వరసగా రాయడం మేలనిపించింది.

కోనసీమ తోటలైనా, భీమవరం వైపు చేపల చెరువు గట్లయినా, కడియం నర్సరీల మధ్య దారులైనా కొడవలి పట్టే మనిషి దొరకడం కష్టమైపోయింది, భుజానికి తగిలించుకునే గడ్డి మిషనే దిక్కు. దాన్ని నడపడం రెండు రోజుల్లో వచ్చేస్తుంది. బ్లేడు విప్పి, చూసి, మళ్లీ బిగించడం మాత్రం ఎవరూ నిదానంగా చూపించరు.

ఒక్క లెక్క గుర్తుపెట్టుకోండి. మామూలుగా వాడే 255 మిల్లీమీటర్ల బ్లేడు నిమిషానికి 8,000 చుట్లు తిరిగితే దాని అంచు సెకనుకి సుమారు 107 మీటర్ల వేగంతో పోతుంది, అంటే గంటకి 380 కిలోమీటర్ల పైమాటే. అంత వేగంలో ఊడిన ముక్క ఎటు పోతుందో ఎవరూ చెప్పలేరు. మా పక్క తోటలో మూడు పళ్ల బ్లేడు పన్ను ఒకటి విరిగి కొబ్బరి చెట్టు మొదల్లోకి దిగబడిపోయింది. మనిషి దానికి నాలుగడుగుల దూరంలోనే ఉన్నాడు. ఆ బ్లేడుకి బీట ఉందని ముందు రోజే తెలుసు.

1. ఏ పనికి ఏ బ్లేడు

మార్చే ముందు అసలు ఏది వెయ్యాలో తేల్చుకోండి. సగం బ్లేడులు పాడయ్యేది వాటికి తగని పనిలో పెట్టడం వల్లే.

- నైలాన్ దారం హెడ్: గరిక, లేత గడ్డి, ప్రహరీ పక్కన, డ్రిప్పు పైపుల దగ్గర. లేత మొక్కల మొదళ్లకి మాత్రం దూరంగా ఉంచండి, దారం కూడా బెరడు ఒలిచేస్తుంది.
- మూడు పళ్ల బ్లేడు: తుంగ, రెల్లు, బాగా ఎదిగిన గట్టి గడ్డి.
- 40 లేదా 80 పళ్ల గుండ్రటి బ్లేడు: 40 పళ్లది తుప్పలకి, బొటనవేలు లావు కొమ్మలకి. 80 పళ్లది పశువుల గడ్డికి, కోతకి.

నైలాన్ దారం అయిపోయిందని క్లచ్ వైరు, బైండింగ్ వైరు కట్టి నడిపే వాళ్లని చూశాను. దయచేసి ఆ పని చెయ్యొద్దు. వైరు తెగినప్పుడు ఆ ముక్క తూటాలాగే పోతుంది. గొలుసు ముక్కలు వేలాడే హెడ్లు కూడా అంతే. లోహపు ముక్కల్ని గొలుసులా కలిపి చేసిన అలాంటి హెడ్ల అమ్మకాన్ని 2012లో యూరోపియన్ యూనియన్ నిషేధించింది.

బ్లేడు కొనేటప్పుడు మూడు అంకెలు చూడండి: మొత్తం వెడల్పు, మధ్య బెజ్జం సైజు, బ్లేడు మీద అచ్చు వేసిన గరిష్ఠ వేగం. బెజ్జం ఎక్కువగా 25.4 మిల్లీమీటర్లు ఉంటుంది, కొన్నింటికి 20. బ్లేడు మీది వేగం అంకె మీ మిషను గరిష్ఠ వేగానికి సమానంగానో ఎక్కువగానో ఉండాలి, తక్కువ ఉంటే తీసుకోవద్దు. వేగం అంకే లేని బ్లేడుని, కమాను పట్టీ కోసి చేసిపెడతామనే బ్లేడుని చవకగా వచ్చినా వదిలెయ్యండి.

2. పని మొదలుపెట్టే ముందు దగ్గర పెట్టుకోవాల్సినవి

- మిషనుతో వచ్చిన బాక్స్ పానా, అలెన్ కీ లేదా లాక్ పిన్ను
- మందపాటి తోలు గ్లవుజులు, కళ్లద్దాలు, మూసుకున్న బూట్లు
- వైరు బ్రష్షు, కిరోసిన్ లేదా డీజిల్, పాత గుడ్డలు
- ఒక సుద్దముక్క, గట్టి దారం మూర
- కొత్త నట్టు ఒకటి
- నట్లు, వాషర్లు వేసుకోవడానికి చిన్న గిన్నె
- కింద పరుచుకోవడానికి బరకం ముక్క

బరకం ఎందుకంటే, చెరువు గట్టు మీద గడ్డిలో విప్పితే నట్టు చెయ్యి జారి మట్టిలో పడుతుంది, దాని కోసం వెతికి విసిగిపోయి ఆఖరికి దొరికిన ఏదో నట్టు పెట్టి బిగిస్తారు. ఇంటి దగ్గర, గాలి వచ్చే నీడలో, గట్టి నేల మీద చెయ్యండి. పొద్దున్నే పనికి పోకముందు చేస్తే ఇంకా మంచిది. సాయంత్రం అలిసిపోయి, వెలుతురు తగ్గాక బీట కనపడదు.

పెట్రోలు పని కాబట్టి దగ్గర్లో బీడీ, పొయ్యి ఏమీ ఉండకూడదు. పిల్లల్ని అటు రానివ్వకండి.

3. మిషను ఎట్టి పరిస్థితుల్లోనూ స్టార్ట్ కాకుండా చెయ్యడం

ఈ అంచెని ఎవరూ దాటెయ్యకూడదు.

ముందు స్విచ్ ఆపండి. యాక్సిలరేటర్ వదిలాక కూడా బ్లేడు కొంతసేపు తిరుగుతూనే ఉంటుంది, అది పూర్తిగా ఆగేదాకా మిషను కింద పెట్టొద్దు. తర్వాత పదిహేను, ఇరవై నిమిషాలు చల్లారనివ్వండి. సైలెన్సర్ తగిలితే చర్మం ఊడి వస్తుంది.

అప్పుడు ఇంజిను స్పార్క్ ప్లగ్గు మీద ఉన్న రబ్బరు క్యాప్ లాగి పక్కకి పెట్టండి, అది తిరిగి ప్లగ్గుని తాకకుండా. బ్యాటరీ మిషనైతే బ్యాటరీ తీసి వేరే చోట పెట్టండి.

"బ్రష్ కట్టర్‌లో క్లచ్ ఉంటుంది కదా, చేత్తో బ్లేడు తిప్పినా ఇంజిను తిరగదు కదా, క్యాప్ ఎందుకు?" అని ఒక మెకానిక్కే నన్నడిగాడు. నిజమే, క్లచ్ ఉంది. కానీ మీరు పానా కోసం లోపలికి వెళ్లినప్పుడు కుర్రాడెవడో వచ్చి తాడు లాగి చూడొచ్చు. క్లచ్ పట్టేసి ఉంటే ఇంజిను అంటుకున్న క్షణంలోనే బ్లేడు తిరుగుతుంది. క్యాప్ తియ్యడానికి పట్టేది ఐదు సెకన్లు.

పెట్రోలు ట్యాంకు మూత గట్టిగా ఉందో లేదో చూసి, మిషనుని బరకం మీద పడుకోబెట్టి, నట్టు మీ వైపుకి పైకి కనపడేలా తిప్పుకోండి. ఇంజిను ఏ వైపుకి వాలొచ్చో ఫోర్ స్ట్రోక్ మిషన్ల పుస్తకంలో రాసి ఉంటుంది, ఆయిల్ కారకుండా అలాగే పెట్టండి.

4. నట్టు విప్పడం: ఇది ఎదురు మర

ఎక్కువ మంది తప్పు చేసేది ఇక్కడే, నేను కూడా చేశాను. మొదటిసారి మామూలు నట్టు అనుకుని పానాకి పైపు తొడిగి బలమంతా పెట్టి విప్పబోయాను, విప్పడం కాదు, ఇంకా బిగించానన్నమాట. షాఫ్ట్ మీది మరలు చెక్కిపోయి గేర్ బాక్సు (బ్లేడుని తిప్పే గేర్లుండే డబ్బా) మొత్తం మార్చాల్సి వచ్చింది.

బ్రష్ కట్టర్లలో దాదాపు అన్నింటికీ బ్లేడు నట్టు ఎదురు మరతో ఉంటుంది. నట్టు మీకు ఎదురుగా ఉన్నప్పుడు:

- విప్పాలంటే గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పాలి
- బిగించాలంటే దానికి ఎదురు వైపు తిప్పాలి

కారణం తెలిస్తే మర్చిపోరు. బ్లేడు తిరుగుతూ గడ్డికి తగిలినప్పుడల్లా గడ్డి దాన్ని వెనక్కి నెడుతుంది. మామూలు మరైతే ఆ నెట్టుడుకి నట్టు కొద్దికొద్దిగా వదులై ఊడిపోతుంది. ఎదురు మర పెట్టడం వల్ల అదే నెట్టుడు నట్టుని ఇంకా బిగిస్తుంది. పనిచేసిన కొద్దీ నట్టు బిగుసుకుపోవడం కూడా ఇందువల్లే.

వరస ఇది:

1. గ్లవుజులు వేసుకోండి. మొద్దుబారిన బ్లేడైనా చెయ్యి కోస్తుంది.
2. షాఫ్ట్ చుట్టూ చుట్టుకున్న గడ్డి, కొబ్బరి పీచు, వల దారం ముందు తీసెయ్యండి.
3. గేర్ బాక్సు అంచున చిన్న బెజ్జం ఉంటుంది, దాని కింద లోపలి వాషరుకి కూడా ఒకటి. బ్లేడుని మెల్లగా తిప్పుతూ రెండూ ఎదురెదురుగా రాగానే లాక్ పిన్ను గుచ్చండి. బ్లేడు ఇక కదలదు.
4. నట్టు ఊడకుండా అడ్డంగా దూర్చిన చీల (స్ప్లిట్ పిన్ను) ఉంటే కటింగ్ ప్లేయర్‌తో నిటారు చేసి లాగెయ్యండి. ఆ చీల మళ్లీ వాడొద్దు.
5. బాక్స్ పానా నట్టు మీద పూర్తిగా కూర్చోబెట్టి, పానా జారినా చెయ్యి బ్లేడు మీదికి పోని వైపు నుంచి, ఒకే తీరు బలంతో తిప్పండి.
6. నట్టు, గిన్నెలాంటి మూత, బయటి వాషరు, బ్లేడు, లోపలి వాషరు. ఏ వరసలో వచ్చాయో ఆ వరసలోనే బరకం మీద పేర్చండి. సెల్‌ఫోన్‌తో ఒక ఫోటో తీసుకుంటే ఇంకా మంచిది.

నైలాన్ హెడ్ కూడా ఇదే మర మీద కూర్చుంటుంది, దాన్నీ గడియారం వైపు తిప్పే విప్పాలి.

5. నట్టు కదలకపోతే

అంతర్వేది, ఓడలరేవు లాంటి సముద్రం దగ్గరి ఊళ్లలో, ఉప్పునీటి రొయ్యల చెరువుల మీద వాడే మిషన్లకి ఇది ఎక్కువ. ఉప్పుగాలికి నట్టు తుప్పు పట్టి వాషరుతో కలిసిపోతుంది.

నట్టు చుట్టూ వైరు బ్రష్షుతో గీకి, కిరోసిన్ చుక్కలు వేసి అరగంట వదిలెయ్యండి. ముందు బిగించే వైపు రవ్వంత కదిపి, తర్వాత విప్పే వైపు తిప్పండి. రాకపోతే మళ్లీ కిరోసిన్ వేసి రాత్రంతా వదిలెయ్యండి. పానాకి పొడుగు పిడి కావాలంటే జానెడు పైపు చాలు. పిన్ను వంగుతున్నట్టు అనిపిస్తే ఆపెయ్యండి, గేర్ బాక్సు అంచు పగులుతుంది.

చెయ్యకూడనివి:

- ఉలి పెట్టి సుత్తితో కొట్టడం
- గ్యాసు మంటతో కాల్చడం (లోపల గ్రీజు, ఆయిల్ సీలు పోతాయి, పక్కనే పెట్రోలు ఉంది)
- పిన్ను లేదని బ్లేడుని కాలితో తొక్కిపట్టడం, పళ్ల మధ్య కర్ర దూర్చడం

రెండో రోజుకి కూడా రాకపోతే మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లండి. మర ఎటు తిరుగుతుందో ఆయనకీ ముందే గుర్తుచెయ్యండి.

6. బ్లేడుని పరీక్షించడం

మట్టి, గడ్డి పసరు ఎండి అంటుకున్న బ్లేడు మీద బీట కనపడదు. నీళ్లలో నానబెట్టి వైరు బ్రష్షుతో రుద్ది, తుడిచి ఆరబెట్టండి. లోహం మెరిసేదాకా రుద్దాలి, ముఖ్యంగా మధ్య బెజ్జం చుట్టూ, ప్రతి పన్ను మొదట్లో. బీటలు పుట్టేది ఆ రెండు చోట్లే.

చూపుతో: ఎండలో పట్టుకుని వాలుగా చూడండి. పళ్లు చెక్కుకుపోవడం, ఒక పన్ను మిగతావాటి కంటే పొట్టిగా ఉండటం, నీలం రంగు మరక (కాలి ఉక్కు గట్టిదనం పోయిందని అర్థం), తుప్పు గుంటలు చూడాలి.

డీజిల్, సుద్దతో: కంటికి కనపడని బీటల్ని పట్టడానికి ఇది చాలా పాత పద్ధతి. బ్లేడుకి పల్చగా డీజిల్ రాసి ఐదు నిమిషాలు ఉంచండి. పొడి గుడ్డతో పూర్తిగా తుడిచెయ్యండి. సుద్దపొడి పల్చగా రుద్దండి. బీట ఉంటే దాంట్లో దాగిన డీజిల్ బయటికి ఊరి సుద్ద మీద తడి గీత కనపడుతుంది. సరిగ్గా చేస్తే వెంట్రుక మందం బీట కూడా కనపడుతుంది.

చప్పుడుతో: దారం కట్టి బ్లేడుని వేలాడదీసి సుత్తి కర్ర పిడితో మెల్లగా తట్టండి. బాగున్న బ్లేడు గంటలా ఖంగుమంటుంది. బీట ఉన్నది బొంగురుగా పలుకుతుంది. కొత్త బ్లేడు తెచ్చిన రోజే ఒకసారి తట్టి ఆ చప్పుడు చెవిలో పెట్టుకోండి, తర్వాత తేడా మీకే తెలుస్తుంది. దీని ఒక్కదాని మీదే ఆధారపడొద్దు, సుద్ద పరీక్ష కూడా చెయ్యండి.

వంకర: చదునైన టైల్సు గచ్చు మీదో అద్దం మీదో పెట్టి అంచులు నొక్కి చూడండి. టకటకా ఊగితే వంగినట్టే.

మధ్య బెజ్జం: లోపలి వాషరు మీది ఎత్తుమీద బ్లేడు కూర్చోబెట్టి కదపండి. చేతికి తెలిసేలా అటూ ఇటూ ఆడుతుంటే, లేదా బెజ్జం గుండ్రదనం పోయి కోలగా సాగి ఉంటే ఆ బ్లేడు పని అయిపోయింది.

బరువు సమానంగా ఉందా: గుండ్రటి సన్నటి ఇనప కడ్డీని అడ్డంగా పట్టుకుని బ్లేడుని దానికి తగిలించండి. తిప్పి వదిలిన ప్రతిసారీ అదే వైపు కిందికి వస్తుంటే ఆ వైపు బరువు ఎక్కువ.

బ్లేడుతో పాటు వాషర్లు, నట్టు కూడా చూడండి. లోపల నైలాన్ రింగు ఉన్న నట్టు చేతివేళ్లతోనే చివరిదాకా తిరిగిపోతుంటే దాని పట్టు పోయింది, మార్చండి. గిన్నె మూత నేలకి రాసుకుని కాగితంలా పల్చబడితే అదీ మార్చండి.

7. ఉంచాలా, పారెయ్యాలా

- బీట, ఎంత చిన్నదైనా: పారెయ్యండి
- వంకర: పారెయ్యండి, కొలిమిలో కొట్టించి నిటారు చెయ్యొద్దు
- పన్ను విరిగింది, బెజ్జం సాగింది, నీలం రంగు వచ్చింది: పారెయ్యండి
- అంచు మొద్దుబారింది: పదును పెట్టుకోవచ్చు
- రెండు వైపులా పదునున్న మూడు పళ్ల బ్లేడుకి ఒక వైపే అరిగింది: తిప్పి వేసుకోవచ్చు

వెల్డింగ్ గురించి కచ్చితంగా చెప్తున్నాను, వద్దు. బ్లేడు ఉక్కుకి ఉన్న గట్టిదనం ఒక లెక్క ప్రకారం కాల్చి చల్లార్చి తెచ్చినది. వెల్డింగ్ వేడికి అతుకు పక్కనున్న లోహం పెళుసుబారుతుంది, అతుకు నిలిచినా పక్కన విరుగుతుంది.

8. పదును పెట్టడం

మూడు పళ్ల బ్లేడుకి చదును ఆకురాయి చాలు. బ్లేడుని వైసులో బిగించి, కంపెనీ ఇచ్చిన వాలునే పట్టుకుని, ఒకే వైపుకి తోస్తూ రుద్దండి. ఒక పన్నుకి పది తోపులు తోస్తే మిగతా రెండింటికీ పదే తొయ్యాలి. పన్ను మొదట్లో ఉండే గుండ్రటి వంపుని మాత్రం ఆకురాయితో కోసుగా చెయ్యొద్దు, ఆ కోసు మూల నుంచే బీట మొదలవుతుంది.

గ్రైండింగ్ మిషను వాడాల్సి వస్తే క్షణం పెట్టి తియ్యండి, మధ్యమధ్య నీళ్లలో ముంచండి, అంచు రంగు మారకూడదు. కార్బైడ్ ముక్కలు అతికించిన 40, 80 పళ్ల బ్లేడులు ఆకురాయికి లొంగవు, రంపాలకి పదును పెట్టే షాపులో డైమండ్ చక్రంతో చేయించాలి, లేదా కొత్తది కొనాలి. చివర్లో మళ్లీ కడ్డీ మీద వేలాడదీసి బరువు చూసుకోండి.

9. బిగించడం

1. షాఫ్ట్ మీది మరలు, గాడులు గుడ్డతో తుడవండి. ఒక్క ఇసుక రేణువు ఉన్నా బ్లేడు వంకరగా కూర్చుంటుంది.
2. లోపలి వాషరు గాడుల్లోకి దించండి, ఎత్తైన భాగం బ్లేడు వైపుకి.
3. బ్లేడు పెట్టండి. మధ్య బెజ్జం ఆ ఎత్తుమీద సరిగ్గా కూర్చుని, చుట్టూ ఎక్కడా సందు లేకుండా ఆనాలి. బాణం గుర్తు ఉంటే గేర్ బాక్సు మీదో గార్డు మీదో ఉన్న బాణంతో కలవాలి. గుర్తు లేకపోతే పళ్ల పదును అంచు బ్లేడు తిరిగే వైపుకే చూడాలి, పదునే ముందు గడ్డికి తగలాలి.
4. బయటి వాషరు బోలుగా ఉన్న వైపు బ్లేడుకి ఆనేలా పెట్టండి. తర్వాత గిన్నె మూత, నట్టు.
5. ముందు చేత్తో గడియారానికి ఎదురు వైపు నాలుగైదు చుట్లు తిప్పండి. చేత్తో మర పట్టకపోతే బలవంతం చెయ్యకుండా తీసి మళ్లీ పెట్టండి.
6. లాక్ పిన్ను పెట్టి పానాతో గట్టిగా బిగించండి. చీల బెజ్జం ఉంటే కొత్త చీల వేసి కాళ్లు వంచండి.
7. లాక్ పిన్ను బయటికి తియ్యండి. పానా, పిన్ను, అలెన్ కీ అన్నీ లెక్కపెట్టి గిన్నెలో వెయ్యండి.

కొత్త బ్లేడు వెయ్యగానే మిషను వణకడానికి నేను చూసిన ముఖ్య కారణం పైన బ్లేడు పెట్టమన్న చోటే (ఈ వరసలో 3) ఉంది. 25.4 బెజ్జం ఉన్న బ్లేడుని 20 సైజు ఎత్తుమీద పెట్టి బిగించేస్తారు. నట్టు బిగుసుకుంటుంది, చూడటానికి బాగానే ఉంటుంది, కానీ బ్లేడు మధ్యలో ఉండదు. సరైన సైజు రింగు వేసుకోవాలి, లేదా సరైన బెజ్జం ఉన్న బ్లేడు తెచ్చుకోవాలి. టిన్ను రేకు చుట్టి సందు పూడ్చడం వద్దు.

గార్డు మర్చిపోవద్దు. గడ్డి అడ్డుపడుతోందని గార్డు విప్పి మూలన పడేసిన మిషన్లు మన వైపు చాలా ఉన్నాయి. రాయి ఎగిరినప్పుడు మీ మోకాలికీ బ్లేడుకీ మధ్య ఉండేది అదొక్కటే. నైలాన్ హెడ్ గార్డు వేరు, బ్లేడు గార్డు వేరు, హెడ్ మార్చినప్పుడు గార్డూ మార్చాలి.

10. మొదటి పరుగు

ప్లగ్గు క్యాప్ పెట్టకముందే చేత్తో బ్లేడుని మెల్లగా తిప్పుతూ, అంచు దగ్గర సుద్దముక్క కదలకుండా పట్టుకుని చూడండి. అంచుకీ సుద్దకీ మధ్య సందు చుట్టూ ఒకేలా ఉండాలి.

తర్వాత క్యాప్ పెట్టి, అందరినీ 15 మీటర్ల అవతలికి పంపి, బ్లేడు నేలకి తగలకుండా స్టార్ట్ చెయ్యండి.

- యాక్సిలరేటర్ వదిలి ఉన్నప్పుడు బ్లేడు తిరగకూడదు. తిరుగుతుంటే ఐడిల్ స్క్రూ (యాక్సిలరేటర్ వదిలినప్పటి ఇంజిను వేగం సర్దేది) తగ్గించండి, అప్పటికీ తిరిగితే క్లచ్ స్ప్రింగు చూపించండి.
- సగం వేగంలో అర నిమిషం. వణుకు, గరగర చప్పుడు వస్తే వెంటనే ఆపండి.
- ఆపి, బ్లేడు ఆగాక, క్యాప్ తీసి నట్టు ఒకసారి పానాతో చూడండి.
- పది నిమిషాలు పని చేశాక ఇంకోసారి చూడండి. కొత్త బ్లేడు ఒత్తిడికి సర్దుకుంటుంది.

11. పొలంలోకి దిగే ముందు

బ్లేడు ఎంత బాగా బిగించినా ఒక ఇనప ముక్క తగిలితే అంతా మొదటికొస్తుంది. కొయ్యబోయే మడి అంతా ముందు ఒకసారి కర్రతో తడుముతూ నడవండి. దింపు అయిన తోటలో మట్టలు, డొక్కలు, గడ్డిలో కప్పబడిన బోండాలు ఉంటాయి. కాలవ గట్ల మీద గాజు సీసాలు. చెరువు గట్ల మీద వల దారాలు, మేకులు, మోటారు తీగలు. కరెంటు స్తంభాల స్టే వైర్ల దగ్గర బ్లేడు పెట్టొద్దు, అక్కడ కొడవలే వాడండి.

నిలబడ్డ మీ ముందుని గడియారంలో 12 అనుకోండి. 12 నుంచి 3 దాకా ఉన్న కుడి ముందు భాగంతో గట్టి మొదలు ఏదైనా తగిలితే మిషను ఎదురు తన్నుతుంది, మనిషినే తిప్పేస్తుంది. ఎడమ వైపు భాగంతో, కుడి నుంచి ఎడమకి ఊపుతూ కొయ్యండి.

గట్టిగా ఏదైనా తగిలితే పని ఆపి, ఇంజిను ఆపి, ఆరో అంచెలో చెప్పిన పరీక్ష మళ్లీ చెయ్యండి. "చప్పుడు బాగానే ఉందిలే" అని కొనసాగించొద్దు.

మనిషితో సహా మిషను అద్దెకి తెచ్చుకున్నా ఈ పరీక్ష అడిగి చేయించండి. కళ్లద్దాలు, బూట్లు అతని దగ్గర లేకపోతే మీరే ఇవ్వండి. పని మన తోటలో జరుగుతోంది.

12. తోసే లాన్ మూవర్ అయితే తేడాలు

రిసార్టుల్లో, కాలేజీల్లో, నర్సరీ లాన్లలో వాడే తోసుడు మిషనుకి పై పద్ధతి మొత్తంగా సరిపోదు.

వాటిల్లో చాలావరకు బ్లేడు నేరుగా ఇంజిను షాఫ్ట్‌కే బిగించి ఉంటుంది, మధ్యలో క్లచ్ లేదు. అంటే చేత్తో బ్లేడు తిప్పితే ఇంజిను కూడా తిరిగి అంటుకోవచ్చు. ప్లగ్గు క్యాప్ తియ్యడం ఇక్కడ మరీ ముఖ్యం. కరెంటుదైతే ప్లగ్గు సాకెట్ నుంచి పీకి వైరు మీ కళ్లెదుటే పెట్టుకోండి.

వాల్చేటప్పుడు ఎయిర్ ఫిల్టర్, కార్బ్యురేటర్ ఉన్న వైపు పైకి ఉండాలి, లేదంటే ఆయిల్, పెట్రోలు ఫిల్టర్‌లోకి పోతాయి. బ్లేడు తిరగకుండా దాని చివరకీ అంచు రేకుకీ మధ్య చెక్క దిమ్మ అడ్డం పెట్టండి. బోల్టు ఎక్కువగా మామూలు మరే, గడియారానికి ఎదురు వైపు తిప్పితే వస్తుంది. తిరిగి పెట్టేటప్పుడు బ్లేడు వెనక అంచున పైకి లేచిన రెక్కలు మిషను లోపలి వైపుకి చూడాలి. తలకిందులుగా పెడితే గడ్డి తెగదు, నలుగుతుంది.

13. వచ్చే ఇబ్బందులు, విరుగుళ్లు

*బ్లేడు మార్చాక వణుకు:* బెజ్జం సైజు, వాషర్ల మధ్య మట్టి, వాషరు తిరగేసి పెట్టడం, ఈ వరసలో చూడండి. అన్నీ సరిగా ఉంటే బ్లేడు బరువు చూడండి.

*నట్టు మాటిమాటికీ వదులవుతోంది:* నట్టు లోపలి నైలాన్ పోయింది, లేదా మామూలు మర నట్టు ఎవరో బలవంతంగా ఎక్కించారు. రెండోదైతే షాఫ్ట్ మరలు కూడా చూపించాలి.

*గేర్ బాక్సు చెయ్యి పెట్టలేనంత కాలుతోంది:* గ్రీజు అయిపోయింది. సుమారు 25 గంటల పనికి ఒకసారి పక్క బోల్టు విప్పి గేర్ గ్రీజు వెయ్యండి. పూర్తిగా నింపితే అదీ వేడెక్కుతుంది, కొంచెం ఖాళీ ఉంచండి.

*గేర్ బాక్సు కింద జిడ్డు కారుతోంది:* వల దారమో పీచో లోపలి వాషరు వెనక చుట్టుకుని సీలు కోసేసి ఉంటుంది. వాషరు తీసినప్పుడల్లా అక్కడ వంకీతో గీకి శుభ్రం చెయ్యండి.

14. చెయ్యి తెగితే

శుభ్రమైన గుడ్డతో గాయం మీద గట్టిగా నొక్కిపట్టండి, చెయ్యి గుండె కంటే ఎత్తులో ఉంచండి, 108కి ఫోన్ చెయ్యండి. గాయంలో పసుపు, కాఫీ పొడి, గ్రీజు పెట్టొద్దు. వేలు తెగిపోతే దాన్ని తడి చేసిన శుభ్రమైన గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ కవర్లో వేసి మూతి కట్టి, ఆ కవరుని ఐసు నీళ్లలో పెట్టి మనిషితో పాటే పంపండి. ఐసు వేలికి నేరుగా తగలకూడదు. ధనుర్వాతం ఇంజెక్షను గురించి డాక్టరుని అడగండి, గాయం చిన్నదైనా సరే.

15. తీసేసిన బ్లేడు, దాచే బ్లేడు

పారేసే బ్లేడుని అలాగే షెడ్డు గోడకి తగిలిస్తే, ఆరు నెలల తర్వాత మీరు ఊళ్లో లేనప్పుడు ఎవరో దాన్నే తీసి బిగిస్తారు. ఎర్ర రంగు అడ్డంగా పూసి, వీలైతే కటింగ్ చక్రంతో మధ్య బెజ్జం మీదుగా కోయించి, అట్టలో చుట్టి పాత ఇనుముకి వెయ్యండి. కాలవలో, బోదెలో పారెయ్యొద్దు, నాట్లకి దిగేవాళ్ల కాళ్లు అక్కడే పడతాయి.

దాచే బ్లేడుకి పల్చగా ఆయిల్ రాసి, పాత సైకిల్ ట్యూబు చీల్చి పళ్ల చుట్టూ తొడిగి, పొడి చోట వేలాడదీయండి. దానికో చీటీ కట్టి ఎప్పుడు కొన్నారో, ఎన్నిసార్లు పదును పెట్టారో, మిషను ఏ బెజ్జం సైజుదో రాసి పెట్టుకోండి. మళ్లీ షాపుకి వెళ్లినప్పుడు ఆ చీటీ జేబులో వేసుకుని వెళ్తే చాలు.